అబియా వాటా

జనవరి నెలాఖరున మంచుబండి లాగే నా ముందుకుక్క గొలుసు తెంపుకుని అబియా వాటా మాంసం తినేసింది. అది ఇద్దరం కలిసి పట్టిన తెల్ల తిమింగలం. కోసి, పంచుకుని, కుక్కలకి అందకుండా ఎవరి వాటా వాళ్ళ మంచె మీద పెట్టుకున్నాం. అతని మంచె ముందే పొట్టి. చుట్టూ మంచు పేరుకుని ఇంకా పొట్టిదయింది. పొద్దున లేచి చూస్తే ఎముకలు మిగిలాయి. కుక్క కడుపు నేలకి ఆనుతోంది.

నా మంచె మీద ఉన్నదంతా దించి, బండి మీద వేసుకుపోయి, అబియా గుమ్మంలో పెట్టాను. అతను తలుపు తీసి చూసి కనుబొమలు పైకెత్తాడు. మా దగ్గర అవునని చెప్పడం అంతే. నా కుక్క నీ వాటా తింటే నా వాటా నీది. మంచె ఎందుకంత పొట్టిగా కట్టావని నేనడగను, కుక్కని ఎందుకు సరిగ్గా కట్టెయ్యలేదని నువ్వడగవు.

ఇది ముందుగా ఎందుకు చెప్పానంటే, ఫిబ్రవరిలో నేను చేసిన పని దీన్నిబట్టే చేశాను.

అబియా నా భార్య తమ్ముడు. ఆమె పేరు బోలెట్. ఆమె పోయిన మరుసటి ఏడు మా ఒక్కగానొక్క కూతురు తబితాకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల తండ్రి ఓడ పని మీద దక్షిణానికి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లకి బోలెట్ అనే పేరు పెట్టాం. మాలో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడితే, పేరుతోపాటు మనిషి కూడా వస్తుంది. అందుకని తబితా తన కూతుర్ని అమ్మా అని పిలుస్తుంది. అది ముద్దుకి పిలవడం కాదు. పిల్ల తబితాని అమ్మాయీ అంటుంది. తలంతా నెరిసిన అబియా ఆ పిల్లని అక్కా అంటాడు. ఆమె కూర్చోమనేదాకా మా ఇంట్లో కూర్చోడు. వేటకి బయల్దేరేముందు వచ్చి, అక్కా గాలి ఎటు తిరుగుతుందంటావు, ఇవాళ వెళ్ళనా మాననా అని అడిగి మరీ వెళ్తాడు. నేను మంచు మీదినుంచి తిరిగొస్తుంటే ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లతో, మీ ఆయనొస్తున్నాడే అంటారు. పిల్ల ఎదురొచ్చి నా సంచీలో ఏముందో చూస్తుంది. నా భార్య కూడా ముందు సంచీనే చూసేది, తర్వాత నా మొహం.

ఆ ఫిబ్రవరిలో దేశమంతా ఒక ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వచ్చింది. మా గ్రీన్లాండ్ డెన్మార్క్ ఏలుబడిలోది. డెన్మార్క్ ఐరోపా ఉమ్మడి సంతలో చేరినప్పుడు మమ్మల్నీ వెంటబెట్టుకుపోయింది. అప్పుడు మేము చాలామంది ఓటుకాగితం మీద వద్దనే గీత పెట్టాం. కానీ వాళ్ళు ఎక్కువమంది, మేము తక్కువమంది. తర్వాత మాకు సొంత సభ వచ్చింది. ఆ సభ ఇప్పుడు మళ్ళీ అడిగింది. ఉమ్మడిలో ఉందామా, బయటికి వచ్చేద్దామా అని.

మా ఊళ్ళో బయటికి వచ్చేద్దాం అన్నవాడు అబియా. ఇంటింటికీ వెళ్ళి, కాఫీ తాగి, చెప్పి వచ్చేవాడు. వయసులో ఉన్నప్పుడు పెద్ద పడవ మీద దూరపు సముద్రానికి పనికి వెళ్ళి జర్మనీ ఓడల్ని దగ్గరగా చూశాడు. చీకట్లో అవి దీపాలు పెట్టిన పట్నంలా ఉండేవట. అవి పోయిన చోట వల దించితే ఖాళీగా వచ్చేదట. మన కాడ్ చేప ఎవరికెంతో బ్రసెల్స్ అనే ఊళ్ళో కూర్చుని పంచుతున్నారని చెప్పేవాడు.

“వాళ్ళు తిన్నారని కాదు బావా నా ఏడుపు. పంచినవాడు ఎప్పుడన్నా ఈ నీళ్ళు చూశాడా? ఎవడి వాటా ఎంతో, కోసిన చోట నిలబడి చెప్పాలి గదా,” అన్నాడొకసారి నాతో. నేను పైపు వెలిగించుకున్నాను.

ఉందాం అన్నది మా తబితా. బడి వెనక బండల్లో చేపలు గడ్డకట్టించే గిడ్డంగి కడుతున్నారు. ఆ పనివాళ్ళకి తను వండిపెడుతుంది. గిడ్డంగి డబ్బు ఉమ్మడి సంత నుంచే వస్తోందని, పూర్తయితే లోపల ఏడాది పొడుగునా పని ఉంటుందని మేస్త్రీ మొగెన్స్ ఆమెకి చెప్పాడు. మొగెన్స్ డెన్మార్క్ మనిషి, అబద్ధాలు చెప్పే రకం కాదు. ఇప్పుడైతే మేము పట్టిన హాలిబట్ చేపని దుకాణంవాడు ఉప్పువేసి నిలవచేసే కొట్టం నిండేవరకే కొంటాడు. నిండాక కొనడు. అప్పుడు మనుషులు తినే చేప కుక్కలకి వేస్తాం. గిడ్డంగి లేకపోతే ఈ దుకాణం కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. దుకాణం మూస్తే ఊరు మూసినట్టే. దక్షిణాన అఖాతం దగ్గర అలా మూసిన ఊరు ఒకటుంది. బండి మీద దాని పక్కనుంచి పోతుంటే తలుపులు కొట్టుకుంటూ వినిపిస్తాయి.

గిడ్డంగి ఆగితే నేను పట్నం పోతాను, రొయ్యల కార్ఖానాలో పని ఇస్తామన్నారు, పెద్ద మేడలో గది కూడా ఇస్తారు అని తబితా ముందే చెప్పేసింది. తను పోతే పిల్లా పోతుంది.

అబియాకి మేనకోడలంటే ఇష్టమే. అయినా ఎదురుపడితే ఇద్దరూ ఊరుకునేవాళ్ళు కాదు. ఒకరోజు దుకాణంలో అందరూ ఉండగా తబితా అంది:

“మావయ్యా, జర్మనీవాడు పోగానే చేప నీ ఇంటికొచ్చి తలుపు కొడుతుందా? కొట్టిందే అనుకో, ఎక్కడ దాస్తావు? నీ మంచె మీదా? మా నాన్న కుక్కలు ఇంకా బతికే ఉన్నాయి.”

అందరూ నవ్వారు. అబియా కూడా నవ్వాడు. “గిడ్డంగి కట్టించి అందులో ఏం పెడతావే? మొగెన్స్ టోపీ పెడతావా?” అన్నాడు.

ఊరు నా మాట కోసం చూస్తోందని నాకు తెలుసు. పెద్దవాణ్ణి, ఎక్కువ మాట్లాడను కాబట్టి నా లోపల ఏదో ఉందనుకుంటారు. నా లోపల ఉన్నది ఇది. అబియా చెప్పేదీ నిజమే, తబితా చెప్పేదీ నిజమే. ఒక నిజాన్ని రెండోదానికెదురు పెట్టి తూచడం నాకు చేతకాలేదు. దేశానికి ఏది మంచిదో తేలలేదు. కానీ పిల్ల వెళ్ళిపోతే నా ఇంట్లోంచి బోలెట్ రెండోసారి వెళ్ళిపోతుంది. అందుకని ఉందామనే వెయ్యాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఓటింగుకి ముందు వారం పిల్ల ఐదో పుట్టినరోజు వచ్చింది. పుట్టినరోజు కాఫీకి మా దగ్గర పిలుపులుండవు. ఊరంతా వస్తుంది. కొందరు లేస్తే కొందరు కూర్చుంటారు. తబితా కేకులు చేసింది. నేను మేమంతా ఇష్టంగా తినే తిమింగలం తోలు ముక్కలు కోసి పెట్టాను. అది ఎవరి వాటాలోంచి వచ్చిందో అబియాకి తెలుసు. కుక్క తిన్నదానికి బదులు నేనిచ్చినదాంట్లోంచి అతనే సగం తిరిగి తెచ్చాడు.

గది నిండా జనం ఉన్నారు. పిల్ల బల్ల దగ్గర పూసల మెడపట్టీ వేసుకుని కూర్చుంది. అబియా నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని నవ్వుతూ అడిగాడు. ఆ వయసు పిల్ల దేన్నడిగినా ముక్కు ముడిచి వద్దంటుందని అతని ధీమా.

“అక్కా, నీ మాట ఈ ఊళ్ళో ఎవరూ తీసెయ్యరు. నువ్వు చెప్పు. ఆ పెద్ద ఓడలవాళ్ళకి మన చేపలో వాటా ఉంచుదామా, వద్దా?”

పిల్ల కేకు కింద పెట్టింది. “ఉంచుదాం తమ్ముడూ. కలిసుంటేనే మన ఊరుంటుంది,” అంది.

ముసలి కరీతాస్, నా భార్య స్నేహితురాలు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అబియా మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలో లేదు. “అక్క చెప్పింది,” అన్నాడు. పిల్ల కూర్చోమంది. కూర్చోకుండానే కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి అతను ఏ ఇంటికీ వెళ్ళలేదు. బయటికి వచ్చేద్దాం అని తన కిటికీకి అంటించిన కాగితం తీసేశాడు. బోలెట్ ఉందామందట అనే మాట ఇల్లిల్లూ తిరిగింది. ఆ మాట చెప్పగా విని మొగెన్స్ ఒక్కడే నవ్వాడు. అతను పరాయివాడు. మా వాళ్ళు నవ్వలేదు. నా భార్య చేతి పులుసు తిని పెరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళు ఇటు వచ్చేశారు. నాకు కావలసిందీ అదే. రాత్రి నిద్ర బాగానే పట్టింది.

తర్వాత ఒకరోజు తాగేనీళ్ళకి మంచుగడ్డ తేవడానికి పిల్లని బండి మీద ఎక్కించుకుని అఖాతంలో ఇరుక్కున్న మంచుకొండ దగ్గరికి వెళ్ళాను. నేను గడ్డలు కొడుతుంటే పిల్ల తన బూట్లు చూసుకుంటూ కూర్చుంది.

“ఎర్ర బూట్లు ఇంకా దుకాణంలోనే ఉన్నాయి. అమ్మాయి కొనలేదు,” అంది.

ఎందుకు కొనాలని అడిగాను.

“తమ్ముడు అడిగితే అలా చెప్పమంది గదా. నేను ఒక్క మాట కూడా తప్పలేదు.”

నేను గొడ్డలి దించి మిగిలిన గడ్డల్ని వదిలేశాను. సగం బండితోనే వెనక్కి వచ్చేశాం.

తబితా గిన్నెలు కడుగుతోంది. పిల్లని బయట కుక్కపిల్లల దగ్గరికి పంపి అడిగాను. దాచలేదు.

“అవును, నేనే చెప్పించాను. మావయ్య ఊరంతా తిరిగి చెప్తే అందరూ వింటారు. నేను చెప్తే ఎవరు వింటారు నాన్నా? వంటమనిషి మాట.”

“అది మీ అమ్మ నోరు,” అన్నాను.

“అమ్మ ఉన్నా అదే అనేది.” చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. “నీకు కావలసిందీ అదేగా. నువ్వు ఎలాగూ నోరు విప్పవు. నీ బదులు కూడా నేనే చెప్పించాననుకో.”

ఆమె మాటలో ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. బయటికి వచ్చి, పని లేకపోయినా కుక్కల పగ్గాలు విప్పి మళ్ళీ ముడులు వేశాను. మాట్లాడకుండా ఉండడం నాకు కష్టమైన పని కాదు. ఊరుకుంటే చాలు. అబియా తలవంచుకుని తిరుగుతాడు, గిడ్డంగి లేస్తుంది, పిల్ల నా కిటికీ దగ్గరే పెరుగుతుంది. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ దుకాణం ముందు అబియా నన్ను చూసి, మా అక్క ఎలా ఉంది అని అడిగాడు. ఎప్పుడూ అడిగేదే. ఈసారి ఆ అడగడంలో ఏదో భయం ఉంది. అక్కకి తనమీద కోపం వచ్చిందేమో అన్నట్టుంది.

ఓటింగుకి ముందురోజు అతను గాలాల తాడు వేసిన చోటికి మంచు మీద వెళ్ళాను. మంచులో కొట్టిన బెజ్జం దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. నేనూ పక్కన చేరి తాడు లాగాను. చేపలు బాగానే వస్తున్నాయి. బయటపడ్డ క్షణంలోనే బిగుసుకుపోతున్నాయి.

“అబియా, ఆ మాట పిల్లది కాదు. తబితా నేర్పింది. బూట్లు ఆశపెట్టి,” అన్నాను.

అతను గాలం నుంచి చేపని తప్పిస్తూనే ఉన్నాడు. “తెలుసు,” అన్నాడు.

“ఎలా తెలుసు?”

“అక్క ఎవరికైనా తిండి పెట్టేది. కానీ ఊరికే పెట్టిందా ఎప్పుడన్నా? గుమ్మంలోకి రాగానే బకెట్టు చేతికిచ్చి మంచుగడ్డ తెమ్మనేది. పాదిరిగారిని కూడా వదిలేది కాదు. ఆయనెలా జారిపడ్డాడో నీకు గుర్తులేదా? ఓడలవాళ్ళకి వాటా ఉంచుదాం అని చెప్పి, వాళ్ళచేత ఏం మోయించాలో చెప్పకుండా ఊరుకునే మనిషా మా అక్క?”

నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. కాసేపు ఇద్దరం ఆమె ఇంకా ఉన్నట్టే నవ్వుకున్నాం. తర్వాత, అయితే ఈ సంగతి అందరికీ చెప్పు, నేనూ పక్కన నిలబడతానని అన్నాను.

అతను ముక్కు ముడిచాడు. అంటే కాదని.

“ఏమని చెప్పను బావా? నా మేనకోడలు మా అక్క పేరుమీద అబద్ధం ఆడించిందనా? తర్వాత తబితా ఈ ఊళ్ళో ఎవరింట్లో కాఫీ తాగుతుంది? అదొకటి. ఇంకోటి ఉంది. నేర్పితేనేం, ఆ నోటినుంచి వచ్చేసింది. అక్క నా మొహం చూసి ఉందామన్నాక, నేను వెళ్ళి వద్దని గీత పెట్టలేను. చెయ్యి రాదు. అలాగని ఉందామనీ పెట్టలేను. రేపు నేను గాలాలకి వస్తాను. నువ్వెళ్ళి నీకెటు కావాలో అటు వేసుకో.”

నాకెటు కావాలో అతనికి తెలుసు. తెలిసీ అడగలేదు. పెద్ద చేపల్లో ఒకటి తీసి నా బండి మీద వేశాడు. తాడు లాగినవాడి వాటా అది.

మర్నాడు బడిగదిలో పెట్టె పెట్టారు. ఆదివారాలు ప్రార్థన కూడా అక్కడే జరుగుతుంది. జనం మంచి బట్టలు వేసుకుని వరసలో నిలబడ్డారు. అప్పుడే అబియా కుక్కల్ని కట్టుకుని, అందరూ కిటికీలోంచి చూస్తుండగా, మంచు మీదికి వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో బయటికి పోదామని గట్టిగా కోరుకున్నవాడు ఓటు వెయ్యకుండా పోతున్నాడు. కరీతాస్, పాపం, అక్క మాట దాటలేకపోయాడు అంది. తబితా నా ముందు నిలబడి ఉంది. ఆమె మెడ వెనక ఎర్రబడడం నేను చూశాను.

నా వంతు వచ్చింది. తెర వెనక చిన్న బల్ల, దానికి దారంతో కట్టిన పెన్సిల్. నాది మూడేళ్ళ చదువు. మెల్లగా చదువుతాను. ఆ రోజు ఇంకా మెల్లగా చదివాను. పిల్ల పడుకునే మూల గుర్తుకొచ్చింది. తలుపులు కొట్టుకునే ఊరు గుర్తుకొచ్చింది. అబియా చెప్పిన దీపాల ఓడలూ గుర్తుకొచ్చాయి. కానీ వాటిని తూచడానికి నేనక్కడ లేనని అర్థమయింది. ఉందామనడం తప్పని కాదు. అబియాకి ఈ గదిలో ఒక వాటా ఉంది. దాన్ని నా ఇంట్లోవాళ్ళు తినేశారు. అతను గుమ్మంలో నిలబడి అడగడు. ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా పెట్టి రావడమే మాకు తెలిసిన పద్ధతి.

బయటికి వచ్చేద్దాం అన్నచోట గీత పెట్టాను. కాగితం మడిచాను. మళ్ళీ విప్పి, సరైన చోటే పడిందని చూసుకుని, పెట్టెలో వేశాను.

ఫలితం రేడియోలో చెప్పారు. బయటికి రావాలన్నవాళ్ళే ఎక్కువ, మరీ ఎక్కువేమీ కాదు. నా ఒక్క గీతతో అయిందని నేననుకోలేదు, కాలేదనీ అనుకోలేకపోయాను. మొగెన్స్ అందరికీ ధైర్యం చెప్పాడు. ఇది రేపే జరిగిపోయేది కాదు, బేరం తెగడానికే ఏళ్ళు పడుతుందన్నాడు. గిడ్డంగి సంగతి అడిగితే, ఆ డబ్బు ఇకముందు ఎవరిస్తారో తనకి తెలియదన్నాడు. వసంతంలో ఇంటికి వెళ్ళి వస్తానని సామాను సర్దుకున్నాడు. పనిముట్లు కూడా సర్దుకుని వెళ్ళాడు.

ఫలితం చెప్పిన సాయంత్రం తబితా నా ఎదురుగా కూర్చుంది. “నువ్వెటు వేశావు నాన్నా?”

“మన కుక్క తింటే ఏం చేస్తాం?” అన్నాను.

ఆమెకి అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు. పిల్ల పడుకున్న మూలకేసి చూసింది.

“కుక్క తిన్నది మావయ్య వాటా. నువ్విచ్చింది నీ వాటా ఒక్కటేనా? నాది కూడా ఇచ్చేశావు గదా,” అంది.

ఆ మాట ఇప్పటికీ మంచు మీదికి నా వెంట వస్తుంది. ఒక్కోసారి అబియాకి చెప్పి అడుగుదామనుకుంటాను. నేనెటు వేశానో అతను అడగలేదు. నేను చెప్పలేదు.

మంచు విడిపోయి మొదటి ఓడ వచ్చే ముందురోజు, పట్నం గది తాళంచెవి తబితా చేతికి వచ్చేసి ఉంది. పెట్టెలు గుమ్మంలో ఉన్నాయి. పిల్ల ఎర్ర బూట్లు వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. వాటిని కొన్నది అబియా. అక్కకి మాట ఇచ్చి తప్పకూడదని మాత్రం అన్నాడు. ఆ మాట ఇచ్చింది తను కాకపోయినా.

అతను కాఫీకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఎప్పట్లాగే కూర్చోమనేదాకా చూస్తున్నాడు. పిల్ల కూర్చోమనలేదు. పొయ్యి పక్కనున్న బకెట్టు రెండు చేతులా ఈడ్చుకొచ్చి అతని చేతికిచ్చింది.

“మంచుగడ్డ తే తమ్ముడూ. కాఫీ తర్వాత,” అంది.

అబియా నా వైపు చూశాడు. నేను తబితా వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది. ఎవరు నేర్పారని ఈసారి ఎవరం అడగలేదు.

అతను బకెట్టు తీసుకుని ఒడ్డుకి వెళ్ళాడు. నిండుగా, అంచులు దాటేలా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. అన్ని గడ్డలు అక్కర్లేదు. రేపటినుంచి ఆ ఇంట్లో నీళ్ళు తాగేవాణ్ణి నేనొక్కణ్ణే.